గుర్రాలకు నీళ్ళు

యుద్ధం చెయ్యనివాళ్ళకు యుద్ధంతో ఏం పని అని అడిగేవాళ్ళు ఒకసారి మా బాన్సువాడ వచ్చి చూడాలి. ఎక్కడో సముద్రాల అవతల ఇద్దరు రాజులు మీసాలు దువ్వుకుంటే, ఇక్కడ ఏ వీధిలోనో ఒక తల్లికి అన్నం సయించదు.

నిజాంసాగరు కాలువ కింద వరి పండే ప్రాంతం మాది. ఒకప్పుడు నిజామాబాదు జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. చూడడానికి పచ్చగానే ఉంటుంది గాని, కాలువ నీళ్ళు అందని పల్లెలూ చుట్టూ ఉన్నాయి. అందిన పల్లెల్లోనూ అందరికీ భూమి లేదు. "బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి" అని తెలంగాణలో ఒక మాట ఉంది. పొట్ట చేతపట్టుకుని పోయేవాడికి తెరిచి ఉన్న మూడు దిక్కులవి. మా వైపు వాళ్ళకు మూడోది బాగా అచ్చివచ్చింది - అచ్చివచ్చింది అనడం కూడా తప్పేమో, అలవాటైంది. మస్కట్ పోయినా, సౌదీ పోయినా, కువైట్ పోయినా మా వాళ్ళ నోట "దుబాయి పోయిండు" అనే ఒక్క మాటే.

అందుకని మా ఊరి ఆడవాళ్ళకు ప్రపంచ రాజకీయాలు పత్రికల్లో చదివి తెలిసినవి కావు. ఏ దేశం ఏ దేశం మీదికి పోతుందో, దానికి ఢిల్లీలో మనవాళ్ళు ఏమన్నారో, ఏమనకుండా ఊరుకున్నారో వాళ్ళు చెవి ఒగ్గి విన్నారు. వినక గతిలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. అప్పుడు నేను ఐదో తరగతి. మా నాన్న బడిపంతులు. వీధి మొత్తానికి రేడియో వార్తలు విప్పి చెప్పే పని కూడా ఆయనదే. వరసకు నాకు పెద్దమ్మ అయ్యే ఆవిడ కొడుకు కువైట్‌లో మేస్త్రీ పనికి పోయి రెండేళ్ళయింది. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా సగం ఉంది. అంతకు ముందు నెలకో ఉత్తరమో, ఎవరైనా వస్తుంటే వాళ్ళ చేత గొంతు నింపిన క్యాసెట్టో పంపేవాడు. ఆగస్టులో అన్నీ ఆగిపోయాయి. పెద్దమ్మ రోజూ పొద్దున చెంబుతో పాలు తెచ్చి, మా అమ్మకు పోసి, రేడియో దగ్గర నేల మీద కూర్చునేది. "ఏమన్నడు పంతులూ, మనోళ్ళ ముచ్చట ఏమన్న వచ్చెనా?" అని అడిగేది.

అక్కడ ఒక్క మా అన్నే కాదు, సుమారు లక్షా డెబ్బై వేల మంది మన దేశం వాళ్ళు చిక్కుకుపోయారు. ఆ నెలలోనే మన విదేశాంగ మంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళారు. సద్దాం హుస్సేన్ ఆయన్ని కావలించుకున్నాడు. ఆ ఫొటో ప్రపంచమంతా అచ్చయింది. పక్క దేశాన్ని మింగి పదిహేను ఇరవై రోజులైనా కాని మనిషి కౌగిట్లో భారతదేశపు మంత్రి! బయటి దేశాలవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మన దగ్గరా చాలామంది సిగ్గుపడ్డారు. మా వీధి అరుగు మీదే ఒక మాష్టారు పేపరు ఊపుతూ, గాంధీ పుట్టిన దేశానికి ఇదేం ఖర్మ అని గట్టిగా అన్నారు.

పెద్దమ్మ పాల చెంబు కింద పెట్టి ఆయనతో ఏమందో నాకిప్పటికీ జ్ఞాపకమే. "నా కొడుకు వాని ఇంట్ల ఉన్నడు సారూ. కౌగిలిచ్చుకుంటే ఏం పోయింది? కాళ్ళు మొక్కినా నేనేమనను."

నేను బి.ఏ. చదివిన దాన్ని, నీతి గురించి పుస్తకాలు నాలుగు తిరగేసిన దాన్ని. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర ఎదురు సమాధానం లేదు. పక్కింట్లో ఒకడు కత్తి పట్టుకుని ఇంకొకడి గదిలో జొరబడ్డాడు. మన పిల్లవాడు ఏదో పని మీద వెళ్ళి ఆ ఇంట్లోనే ఉన్నాడు. జొరబడ్డవాడు దుర్మార్గుడని మనకూ తెలుసు. వాకిట్లో నిలబడి "ఓరి దుర్మార్గుడా" అని అరుస్తామా, "నాయనా, మా పిల్లవాణ్ణి పంపించు" అని బతిమాలుకుంటామా? అరిచినవాళ్ళను ఊరు మెచ్చుకుంటుంది. పిల్లవాడు మాత్రం లోపలే ఉంటాడు.

అయితే ఇందులో రెండో గది సంగతి మర్చిపోకూడదు. మనం గుమ్మంలో బతిమాలుకుంటున్నంత సేపూ, ఆ లోపల ఇంటివాడే నేల మీద పడి ఉన్నాడు. మనం ఆక్రమణ మంచిది కాదన్నాం గాని, ఇరాక్‌ను పేరు పెట్టి ఖండించడానికి మొదట్లో చాలా తటపటాయించాం. ఆగస్టు 8న కువైట్ ఇక మాదేనని ఇరాక్ ప్రకటించి, అక్కడి రాయబార కార్యాలయాలు మూసెయ్యమంటే, చాలా దేశాలు మొండికేసి కూర్చున్నాయి. మనం మాత్రం కువైట్‌లో తాళం వేసి బస్రాకు మార్చుకున్నాం. బస్రా ఇరాక్‌లో ఊరు. మనవాళ్ళను బస్సులెక్కించాలంటే అక్కడే ఉండాలన్నది కారణం. కారణం నిజమే. కాని దాన్ని చూసిన కువైటీ తల్లికి ఎలా ఉంటుంది? మన ఇల్లు దోచినవాడి చేతికే పక్కింటివాళ్ళు తాళాలు ఇచ్చి వెళ్ళినట్టుండదూ? వాళ్ళు నొచ్చుకున్నారు. నొచ్చుకోవడం న్యాయమే.

ఫలితం మాత్రం వచ్చింది. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా, 59 రోజులు, ఎయిరిండియా విమానాలు 488 సార్లు తిరిగి లక్షా పదకొండు వేల మందికి పైగా మనుషుల్ని తెచ్చాయి. సైన్యం విమానాలు, ఓడలు వేరే. ఈలోగా అక్కడ మిగిలినవాళ్ళు ఆకలితో మాడకుండా, సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ఆంక్షల కమిటీ దగ్గర అనుమతి తెచ్చుకుని విశ్వసిద్ధి అనే ఓడలో తిండి సామాను పంపారు. కువైట్ నుంచి బస్రా, బస్రా నుంచి బాగ్దాద్, అక్కడ నుంచి ఎడారి దాటి జోర్డాన్‌లో అమ్మాన్ - ఇదంతా బస్సుల్లో. అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి. మా అన్న సెప్టెంబరు చివర ఒంటి మీది బట్టలతో, ఒక చేతిసంచితో దిగాడు. రెండేళ్ళ కష్టం ఆ సంచిలో పట్టింది. దోవలో బాగ్దాద్ దాటాక ఎక్కడో బస్సు ఆగినప్పుడు, ఒకామె ఇంట్లోంచి కుబ్బూసులూ నీళ్ళూ తెచ్చి బస్సు కిటికీల్లోంచి అందరికీ అందించిందట. దేశం కాని దేశంలో ఆ రొట్టె రుచి మాత్రం మర్చిపోలేనని చాలాసార్లు చెప్పేవాడు.

ఇంతవరకూ నేను పెద్దమ్మ పక్షమే. ఆ కౌగిలినీ, ఆ తటపటాయింపునూ నేను తప్పు పట్టను. నన్ను వేధించేది ఆ తర్వాతి సంగతి.

అక్టోబరు 11న చివరి విమానం వచ్చింది. యుద్ధం జనవరి 17న మొదలైంది. మధ్యలో మూడు నెలల పైచిలుకు కాలం ఉంది. వస్తున్న యుద్ధం చెప్పా పెట్టకుండా వచ్చింది కాదు. 1990 నవంబరు 29న భద్రతామండలి గడువు కూడా పెట్టింది - జనవరి 15లోగా ఇరాక్ కువైట్‌ను విడవకపోతే బలం వాడవచ్చునని. పెళ్ళి ముహూర్తంలాగా యుద్ధానికి తేదీ పెట్టుకున్నారు. మన పిల్లలు చాలావరకు ఇంటికి చేరారు. మరి నోరు కట్టేసిన తాడు తెగినట్టే కదా! ఇప్పుడు రెండు మాటలూ చెప్పవచ్చు - సద్దాంను "నువ్వు చేసింది దొంగతనం, వదిలి పో" అనీ, అవతలివాళ్ళను "దొంగను పట్టడానికి ఊరు తగలబెట్టకండి" అనీ.

కాలేజీలో మాకు ఒక ప్రశ్న ప్రతి ఏడూ వచ్చేది: తటస్థతకూ అలీనతకూ భేదమేమి? తటస్థుడు రెండు పక్షాలకూ దూరంగా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. అలీనుడు ఏ జట్టులోనూ చేరడు గాని ఏది న్యాయమో ఏ సందర్భానికి ఆ సందర్భంలో చెబుతాడు. ఇలా రాసి, కింద నెహ్రూ, నాసర్, టిటో పేర్లూ, 1961 బెల్‌గ్రేడ్ సభా రాస్తే పదికి ఏడు మార్కులు ఖాయం. ఆ లెక్కన 1990 చలికాలం అలీనుడు నోరు విప్పవలసిన కాలం.

ఢిల్లీలో అప్పటికి ప్రభుత్వమే మారిపోయింది. విశ్వనాథ్ ప్రతాప్ సింగ్ దిగిపోయి, నవంబరు 10న చంద్రశేఖర్ ప్రధాని అయ్యారు. బయటి నుంచి కాంగ్రెసు ఊతమిస్తే నిలబడ్డ ప్రభుత్వం. శాంతి కావాలన్నారు, ఇరాక్ వెనక్కు పోవాలన్నారు, యుద్ధం వద్దన్నారు. అవన్నీ అన్నారు, లేదనను. కాని శుభలేఖ కింద "బంధుమిత్రుల అభినందనలతో" అని అచ్చు వేసినట్టుగా ఆ మాటలు ఉండేవి. అదే జనవరిలో, పైకి మాట్లాడకుండా చేసిన పని ఇంకొకటి ఉంది. గల్ఫుకు పోయే అమెరికా సైనిక రవాణా విమానాలు మన బొంబాయిలో, మద్రాసులో, ఆగ్రాలో దిగి ఇంధనం నింపుకోవడానికి ఒప్పుకున్నారు. సంగతి పత్రికల్లో పొక్కేసరికి పెద్ద గోల అయింది. రాజీవ్ గాంధీ కూడా అభ్యంతరం చెప్పారు. ఫిబ్రవరిలో ఆపేశారు.

మనం యుద్ధంలో లేము. తుపాకి పట్టలేదు. ఒక్క సైనికుణ్ణి పంపలేదు. వచ్చిన విమానానికి నూనె పోశాం, అంతే. ఇది యుద్ధం చేసినట్టా, చెయ్యనట్టా?

మన భారతంలో ఈ ప్రశ్న ఎప్పుడో వచ్చింది. ఆయుధం పట్టనని కృష్ణుడు మాట ఇచ్చాడు. తన సైన్యాన్ని దుర్యోధనుడికి ఇచ్చి, తాను ఒంటిగా అర్జునుడి రథం మీద పగ్గాలు పట్టాడు. ద్రోణపర్వంలో, సైంధవుణ్ణి చంపితీరుతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేసిన మర్నాడు, మిట్ట మధ్యాహ్నం గుర్రాలు అలిసిపోతాయి. యుద్ధం మధ్యలోనే అర్జునుడు నేలను బాణంతో కొట్టి నీళ్ళు పుట్టిస్తే, కృష్ణుడు గుర్రాలను విప్పి, గాయాలు తుడిచి, నీళ్ళు తాగిస్తాడు. చేతిలో ఆయుధం లేదు, మాట తప్పలేదు. కాని ఆ గుర్రాలు దాహంతో పడిపోయి ఉంటే సాయంత్రానికి సైంధవుడి తల తెగేది కాదని అందరికీ తెలుసు. కృష్ణుడికీ తెలుసు. ఆయన దాచుకోలేదు, నేను పాండవుల వాణ్ణని లోకమంతటి ఎదుటే పగ్గాలు పట్టుకుని కూర్చున్నాడు.

ఇంకొకాయన బలరాముడు. ఇద్దరూ కావలసినవాళ్ళే, ఎటూ చేరనని సరస్వతీ నది వెంట తీర్థయాత్రకు పోయాడు. నలభై రెండు రోజుల తర్వాత, భీముడూ దుర్యోధనుడూ గదలు పట్టుకున్న రోజుకు తిరిగి వచ్చాడు. తొడ మీద కొట్టడం అధర్మమని అప్పుడు నాగలి ఎత్తి మండిపడ్డాడు. ఆయన కోపం న్యాయమైనదే గాని, చిన్నప్పుడు మా నాన్న ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒకటే సందేహం వచ్చేది: అభిమన్యుణ్ణి చుట్టుముట్టి చంపిన రోజు ఈయన ఏ రేవులో స్నానం చేస్తున్నాడు?

మనం 1991లో కృష్ణుడిలా బాహాటంగా ఒక పక్షం చేరలేదు. బలరాముడిలా దూరంగానూ పోలేదు. తీర్థయాత్రలో ఉన్నామని చెప్పి, రాత్రిపూట గుర్రాలకు నీళ్ళు పెట్టాం. నాకు బాధ కలిగించేది నీళ్ళు పెట్టడం కన్నా ఆ చాటు.

ఎందుకు పెట్టాం అంటే, అది ఇంటి సంసారం నడిపే ఆడదానికి ఎవరూ చెప్పక్కరలేదు. యుద్ధ భయానికి చమురు ధర రెండింతలు దాటింది. గల్ఫు నుంచి మనవాళ్ళు పంపే డబ్బు పడిపోయింది. అక్టోబరులో పెట్రోలియం సరుకుల మీద గల్ఫు సర్‌చార్జి వేశారు. దేశం ఖజానాలో విదేశీ మారకం అడుగంటింది. సరిగ్గా ఆ జనవరిలోనే అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పు పుట్టింది. ఆ సంస్థలో అమెరికా మాటకు ఎంత బరువో వేరే చెప్పాలా? అప్పు ఇప్పించే పెద్దమనిషి గుమ్మంలో బండి ఆపి "కాస్త నీళ్ళు" అంటే, చేదుడు తాడు తెగిందని అబద్ధం చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది? అంత చేసినా గండం గడవలేదు. మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండుకు, జులైలో సుమారు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకు పోయింది. దేశం మెడలోని గొలుసు తీసి కుదువపెట్టడమే అది. మా వీధిలో ఏజెంటు అప్పు కోసం పుస్తెల తాడు తప్ప అన్నీ మార్వాడీ దుకాణంలో పెట్టిన ఇల్లాళ్ళకు ఆ వార్త అర్థమైనంతగా ఆర్థికశాస్త్రం మాష్టార్లకు అర్థమై ఉండదు.

కనుక పేదరికం కూడా ఒక కారణమే. నేను కొట్టిపారెయ్యను. కాని పెద్దమ్మ కారణమూ, ఇదీ ఒకటి కావు. మొదటిసారి మనం నోరు మూసుకున్నది ఒక లక్షా డెబ్బై వేల ప్రాణాల కోసం. అవి ఇంటికి చేరగానే ఆ మౌనానికి గడువు తీరింది. రెండోసారి మౌనం మన ఇంటి ఖర్చుల కోసం. దానికి గడువు ఉండదు, ఎందుకంటే ఖర్చులు ఎప్పుడూ ఉంటాయి. చిక్కేమిటంటే, బయటినుంచి చూస్తే రెండు మౌనాలూ ఒక్కలాగే ఉంటాయి. రెండింటినీ "దేశ ప్రయోజనం" అనే పిలుస్తారు.

1991 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున బాగ్దాద్‌లో అమీరియా అనే చోట జనం తలదాచుకున్న కట్టడం మీద అమెరికా బాంబులు పడ్డాయి. నాలుగు వందల మందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలూ. అది సైన్యం వాడే స్థావరమనుకున్నామని అమెరికా చెప్పింది. ఆ వార్త మా ఇంట్లో రేడియోలో వచ్చినప్పుడు పెద్దమ్మ అక్కడే ఉంది. కొడుకు వచ్చి అయిదు నెలలైనా రేడియో దగ్గర కూర్చోవడం మానలేదు ఆవిడ. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "రొట్టెలిచ్చినామె ఇల్లు గాడనేనారా?" అంది.

వాడికేం తెలుసు? దోవలో ఆగిన ఊరు. పేరు కూడా అడగలేదు.

ఆవిడ అంతటితో ఊరుకోలేదు. "పంతులూ, మన దగ్గర నూనె పోసుకున్నయి గీ విమానాలేనా?" అంది. కావు, అవి సామాను మోసేవి, బాంబులు వేసేవి వేరే అని నాన్న చెప్పాడు. నిజమే చెప్పాడు. ఆవిడ తల ఊపింది గాని, ఆ సమాధానం ఆవిడకు చాలలేదని పదేళ్ళ పిల్లనైన నాకు కూడా తెలిసిపోయింది. ఆగస్టులో "కాళ్ళు మొక్కినా ఏమనను" అన్నదీ ఆవిడే, ఫిబ్రవరిలో ఈ ప్రశ్న అడిగిందీ ఆవిడే. ఇందులో వైరుధ్యం నాకు కనిపించదు. తన పిల్లవాడి కోసం ఎవరి కాళ్ళైనా పట్టుకోవడం, పిల్లవాడు ఇంటికి చేరాక ఎదుటివాళ్ళ పిల్లల్ని గురించి అడగడం - ఈ వరస ఆవిడకు ఎవరూ నేర్పలేదు. ఢిల్లీకి ఆ రెండో సగం చేతకాలేదు.

ఈ కథకు డబ్బుతో కూడిన తోక ఒకటి ఉంది. యుద్ధం అయ్యాక, కువైట్ నుంచి పారిపోయి రావలసివచ్చిన కూలివాళ్ళకు నష్టపరిహారం ఇప్పించడానికి ఐక్యరాజ్యసమితి ఒక కమిషను పెట్టింది. ఢిల్లీలో దానికోసం కువైట్ సెల్ అని ఒక విభాగమూ వెలిసింది. మనిషికి 2,500 నుంచి 4,000 డాలర్లు. మా అన్నకూ 1990ల చివర్లో రెండు విడతలుగా వచ్చింది. ఇంటి పైకప్పు దానితోనే వేశారు. ఆ డబ్బు ఎక్కడిది? ఇరాక్ అమ్ముకున్న చమురులోంచి కోసిన వాటా. అవే సంవత్సరాల్లో ఇరాక్ మీద ఆంక్షలున్నాయి, అక్కడి ఆస్పత్రుల్లో మందులకు కటకట. సద్దాం చేసిన తప్పుకు కట్టిన జరిమానా, రొట్టెలు పంచినామె వంటింట్లోంచి కూడా వసూలైంది.

పుచ్చుకోకూడదా? ఎందుకు పుచ్చుకోకూడదు! రెండేళ్ళ కష్టం అతనిది, అప్పు అతనిది, వడ్డీ అతనిది. పుచ్చుకోవడం ధర్మమే. ఆ కమిషను లెక్కలు పూర్తిగా తీరేసరికి 2022 జనవరి అయింది. ఇరాక్ మొత్తం మీద 5,240 కోట్ల డాలర్లు కట్టింది. యుద్ధం చెయ్యనివాళ్ళకు యుద్ధంతో సంబంధం లేదనడం ఎంత కష్టమో చూశారా! మా వీధిలో ఒక కప్పు కింద కూడా అది ఉంది.

మళ్ళీ పన్నెండేళ్ళకు అదే దేశం మీదికి, అదే అమెరికా. ఈసారి కువైట్ సాకు కూడా లేదు. 2003 మార్చి 20న యుద్ధం మొదలయ్యేదాకా నెలల తరబడి ప్రపంచమంతా ఊరేగింపులు జరిగాయి. వాజ్‌పేయి ప్రభుత్వం మధ్యే మార్గం అంది. నవలలు రాసుకునే దాన్ని గనక నాకు మాటల మీద గురి ఎక్కువ. ఆ రోజుల్లో పార్లమెంటులో జరిగిన మాటల పంచాయితీ నాకు భలే ఆసక్తి కలిగించింది. ప్రతిపక్షాలకు "ఖండిస్తున్నాం" అనే అర్థం వచ్చే మాట కావాలి. ప్రభుత్వానికి "విచారిస్తున్నాం" లాంటి మెత్తటి మాట కావాలి. చివరికి ఏప్రిల్ 8న లోక్‌సభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. హిందీలో "నింద" అన్నారు, ఇంగ్లీషులో దాన్ని "డిప్లోర్" అన్నారు. హిందీ తెలిసినవాళ్ళకు ఖండన, ఇంగ్లీషు తెలిసినవాళ్ళకు విచారం. కోడలి ముందు ఒకటి, వియ్యపురాలి ముందు ఒకటి చెప్పే అత్తగారి తెలివి! ఇక మన తెలుగులో నింద అంటే చవితి చంద్రుణ్ణి చూస్తే పడేది. చెయ్యని తప్పుకు మీద పడేది. అలా చూస్తే పాపం అమెరికా మీద నీలాపనింద వేశామన్నమాట.

ఆ మాట కుదరడానికి పట్టిన కాలంలో అక్కడ యుద్ధం ముగింపుకొచ్చింది. ఏప్రిల్ 9న, అంటే మన తీర్మానం అయిన మర్నాడే, బాగ్దాద్ నడిబొడ్డున సద్దాం విగ్రహాన్ని పడగొట్టారు. గద యుద్ధం నాటికి వచ్చిన బలరాముడు గుర్తుకు రాడూ?

అయినా 2003ను నేను పూర్తిగా తీసిపారెయ్యను. "నింద" అన్న మాటకు మనకు కాణీ ఖర్చు కాలేదు. ఆ తర్వాత ఇరాక్‌కు సైన్యాన్ని పంపమని అమెరికా బాగా ఒత్తిడి చేసింది. పంపితే లాభాలుంటాయని మన దగ్గర కూడా చాలామంది రాశారు. జులై 14న ప్రభుత్వం పంపమని చెప్పేసింది. పెద్దవాడికి కాదని చెప్పడం ఊరికే రాదు, దానికి ఎంతో కొంత మూల్యం ఉంటుంది. తీర్మానంలోని ఆ ముద్దుమాట కన్నా, ఈ ఒక్క "పంపము" నాకు ఎక్కువ విలువైందిగా కనిపిస్తుంది. మాట్లాడకపోవడం వల్ల మనకేం మిగిలింది, మాట్లాడడం వల్ల మనకేం పోయింది - ఈ రెండూ అడిగి చూసుకుంటే చాలా సంగతులు తేలిపోతాయి. ఇది చదివి మా ఆయన "విదేశాంగ శాఖ నీకివ్వాల్సింది" అన్నారు. ఇంటి పద్దు రాసేవాళ్ళెవరికిచ్చినా నడుపుతారని నేనన్నాను.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి పోయినప్పుడు మళ్ళీ పెద్దమ్మ ప్రశ్నే ఎదురైంది. వైద్యం చదువుకోవడానికి పోయిన వేలాది మన పిల్లలు, వాళ్ళలో మన తెలుగు పిల్లలు వందల్లో, బంకర్లలో ఉన్నారు. మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో రష్యాకు వ్యతిరేకంగా 141 దేశాలు ఓటు వేస్తే, ఓటు వెయ్యకుండా కూర్చున్న 35 దేశాల్లో మనం ఒకళ్ళం. అప్పుడు నేను ఏమీ అనలేదు. పిల్లలు దాటి రావాలి కదా, రెండు పక్షాల తుపాకులూ కాసేపు ఆగాలి కదా అనుకున్నాను. మార్చి నెల గడిచేసరికి 22,500 మంది దాకా ఇళ్ళకు చేరారు. సెప్టెంబరు 16న సమర్‌కంద్‌లో మన ప్రధాని నరేంద్ర మోడీ రష్యా అధ్యక్షుడికి ఎదురుగా కూర్చుని, ఇది యుద్ధాల కాలం కాదని చెప్పారు. ఎదురుగా కూర్చుని చెప్పడం చిన్న సంగతి కాదు, దాన్ని నేను జమ కింద రాసుకున్నాను. 2023 ఫిబ్రవరి 23న అదే సభలో మళ్ళీ ఓటింగు జరిగింది. మనం మళ్ళీ ఎటూ వెయ్యలేదు. ఈ మధ్యకాలంలో రష్యా చమురు మనకు చవగ్గా దొరికింది.

మా అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. తటస్థతకూ అలీనతకూ భేదమేమి అన్న ప్రశ్న వాళ్ళ పుస్తకంలోనూ ఉంది. "అమ్మా, ఈ రెండు ఓట్లనూ దేని కింద రాయాలి?" అని మొన్న అడిగింది. పిల్లల విమానాల తేదీలు, ఓట్ల తేదీలు, చమురు ధరలు - మూడూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూడమన్నాను. కాగితం తీసుకుని కూర్చుంది. ఇంకా రాస్తూనే ఉంది.